హాల్లో రెండు పడవలు

"వదినా, ముందు నాకు వంటింట్లోకి దారి ఇప్పించండి. ఏ పడవ ఉంచాలో ఆ తర్వాత తీరిగ్గా తేల్చుకుందురు గాని," అంది చిన్న మరదలు.

ఆమె వీధిగుమ్మంలో ఖాళీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకీ వంటింటికీ మధ్య, హాలు నిండా రెండు గాలి పడవలు. గోడవైపు బూడిదరంగుది, కిటికీవైపు నారింజరంగుది. రెండింటికీ పొట్ట పగిలేలా గాలి కొట్టి ఉంది. సోఫాని నిలువునా లేపి గోడకు ఆనించారు. టీపాయ్ మేడమెట్ల కిందికి దూరింది. బల్ల మీద ఉండాల్సిన ఫ్యాను నేల మీద కూర్చుని నారింజ పడవకే గాలి విసురుతోంది, అక్కడికి దానికే గాలి తక్కువైనట్టు.

అక్క ఆ రెండింటి మధ్య సందులో ఇరుక్కుని ఉంది. ఇద్దరు తమ్ముళ్ళకు పెద్దది, పెళ్ళి చేసుకోనిది, కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేసే మనిషి. నిన్న శనివారం రద్దీలో పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా నిలబడే ఉంది. "ఇది బాగా కనిపిస్తోందా, ఇందాకటిదా?" అని వచ్చినవాళ్ళందరినీ అడిగి అడిగి గొంతు జీరబోయింది. ఇవాళ ఇంట్లోవాళ్ళంతా కలిసి అదే ప్రశ్న ఆమెను అడుగుతున్నారు.

"గ్లాసులు ఇలా అందించు. నేను కడుగుతాలే," అంది.

"మీరు కదలకండి. మీరు కదిలితే వీళ్ళిద్దరూ మాట్లాడేదెలా?" అంది చిన్న మరదలు.

ఆ మాటలో వెటకారం ఎంత ఉందో, నిజమూ అంతే ఉంది. తమ్ముళ్ళిద్దరూ ఒకే గదిలో కలిసి ఉండటం వానాకాలం తర్వాత ఇదే మొదలు. పెద్దవాడు లిఫ్టుల కంపెనీలో మెకానిక్కు. కనపడిన ప్రతి పై అధికారి కాళ్ళావేళ్ళా పడి చిన్నవాడికి అదే కంపెనీలో పని ఇప్పిస్తే, వాడు నెల తిరక్కుండానే చెప్పాపెట్టకుండా మానేసి బేకరీలో పిండి కలపడానికి చేరాడు. మాటిచ్చిన పెద్దవాడు నలుగురిలో తలెత్తుకోలేకపోయాడు. ఆనాటి నుంచి పెద్దవాడుండే పైవాటా చిన్నవాడుండే కిందివాటాతో మాట్లాడదు, కిందివాటా పైవాటాను పలకరించదు. ఏ కబురైనా అక్క నోటి మీదుగానే మెట్లెక్కాలి, అక్క నోటి మీదుగానే దిగాలి.

ఎన్నాళ్ళని ఉన్నదున్నట్టు మోస్తుంది ఎవరైనా? "వాడి మొహం నాకు చూపించొద్దు" అని పైన అన్న మాట కిందికి వచ్చేసరికి "ఒంట్లో ఎలా ఉందని అడిగాడు" అయ్యేది. "ఆయనకంత పొగరైతే నాకేం?" అని కింద అన్నది పైకి వెళ్ళేసరికి "అన్నయ్యకి కోపం పోయిందా అన్నాడు" అయ్యేది. ఆ మెట్లే ఆమెకు పెద్ద దిక్కు. ఒకరి మాట ఇంకొకరికి వినపడదు కాబట్టి సరిపోయింది.

పోయిన వారం ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. పైకి వెళ్ళి, "నాన్నతో వెళ్ళినట్టు మళ్ళీ ఒకసారి అందరం సరస్సులో పడవెక్కితే బాగుండునని చిన్నోడు అంటున్నాడ్రా," అంది. కిందికి వచ్చి, అదే మాట పెద్దోడు అన్నాడని చెప్పింది. చిన్నప్పుడు అద్దె పడవలో నాన్న నడిమధ్య కూర్చుంటే వీళ్ళిద్దరూ చెరొక తెడ్డు వేసేవాళ్ళు. ఆ జ్ఞాపకం తగిలితే కరుగుతారని ఆమె ఆశ. కరిగారు, కరగకేం! ఇద్దరూ ఒకే రోజు, ఒకే దుకాణానికి, ఒకరు వచ్చాక ఒకరు వెళ్ళి చెరొక గాలి పడవ పట్టుకొచ్చారు.

నీళ్ళు తగలని పడవైతే ఇవాళ సాయంత్రం లోపల వెనక్కి తీసుకుంటానన్నాడు దుకాణదారు. అంచేత ఏది మంచి పడవో పొడినేల మీదే తేలిపోవాలి. హాలు రేవైంది అందుకే.

అక్కకు అంతకంటే పెద్ద తొందర ఇంకొకటి ఉంది. దాని సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే ఆయన ఇంకో ఊళ్ళో సొంతంగా కొట్టు పెట్టుకుంటున్నాడు. రేపు ఉదయం బండికి ప్రయాణం. "చూపు చూసేందుకు ఎవరో ఒకరు దొరుకుతారు. నాకు ఇంట్లోకి మనిషి కావాలి, ఆ మనిషి మీరే కావాలి," అన్నాడు మొన్న, చేతులకంటిన అద్దాల పొడి తుడుచుకుంటూ. "సోమవారం బండికి ఇద్దరం కలిసి వెళ్దామంటే ఆదివారం సాయంత్రానికి వచ్చి చెప్పండి. రాకపోతే మళ్ళీ అడగను. నాకూ వయసైపోతోంది."

వెళ్ళాలనే ఉంది ఆమెకు. ఎంత ఉందో తలచుకుంటే తనకే సిగ్గేస్తోంది. కానీ వీళ్ళిద్దరినీ ఇలా వదిలేసి వెళ్తే ఈ ఇంట్లో ఎవరి మాట ఎవరికి చేరుతుంది? ఎదురెదురుగా ఒక్క మాట మాట్లాడుకుంటే చాలు, పెట్టె సర్దుకోవచ్చు అనుకుంది.

"అక్కా, వాడికి చెప్పు," అన్నాడు పెద్దవాడు. అతను బూడిదరంగు పడవ అంచు మీద కూర్చుని, దాని మీద అచ్చువేసిన అంకెల్ని వేలితో తడుముతున్నాడు. "దీనికి అడుగున చెక్కపలకలున్నాయి. నలుగురం ఎక్కినా కుంగదు. మనుషుల్ని ఎక్కించేది ఏదైనా సరే, ముందు చూడాల్సింది ఎంత బరువు ఆపుతుందనే. రంగూ హంగూ తర్వాత."

చిన్నవాడు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. అయినా అక్క వైపు తిరిగి, "ఏమంటాడు?" అన్నాడు.

"విన్నావుగా!"

"నాతో అనలేదుగా, నేనెందుకు వింటాను?"

అక్క ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "దానికి చెక్కపలకలున్నాయిట. బరువు ఆపుతుందిట."

"ఆపితే ఆపింది. దాన్ని లేపడానికే ఇద్దరు మగాళ్ళు కావాలి. బస్సు దిగి సరస్సు దాకా ఎవరు మోస్తారో అడుగు. ఇదైతే మడిచి భుజానికి తగిలించుకుని పోవచ్చు. టీ తాగేలోపు గాలి నిండుతుంది." చిన్నవాడు నారింజ పడవను బొటనవేలితో నొక్కి చూశాడు. బేకరీలో పిండి పొంగిందో లేదో చూసే అలవాటు అది. నొక్కినచోట గుంట పడి, మెల్లగా నిండింది.

"వదినా, చూశారా? పొద్దున కొట్టిన గాలి అప్పుడే మెత్తబడింది," అంది పెద్ద మరదలు మేడమెట్ల మీద నుంచి. ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఇంట్లోనూ గొంతు ఆఖరి బెంచీకి వినపడేలాగే ఉంటుంది. "సరస్సు మధ్యలో ఇలాగే మెత్తబడితే నా కూతుర్ని ఎవరు ఒడ్డుకి తెస్తారో కనుక్కోండి. దానికి ఈత రాదు."

"ఈత రానివాళ్ళకి చెక్కపలకలు వేసినా ఈత రాదని చెప్పండి వదినా," అంది చిన్న మరదలు గుమ్మంలోంచి.

నిన్న సాయంత్రం ఈ ఇద్దరూ డాబా మీద బట్టలు తీస్తూ పొట్టచెక్కలయ్యేలా నవ్వుకోవడం అక్క కళ్ళారా చూసింది. మొగుళ్ళు ఎదురుగా ఉంటే మాత్రం ముక్కూమొహం తెలియనట్టు ఉంటారు. ఇదీ ఒక ఉద్యోగంలాగే చేస్తున్నారు పాపం, సెలవుల్లేకుండా.

"ఇదంతా ఎందుకు? అక్క రెండిట్లోనూ కూర్చుని చూస్తుంది. అక్క ఏదంటే అది," అన్నాడు చిన్నవాడు.

"నేనూ అదే అంటున్నానని చెప్పు," అన్నాడు పెద్దవాడు.

చేసేది లేక అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నారింజ పడవలో కూర్చుంది. గాలి పరుపులాంటి అడుగు కిందికి దిగి, మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. చుట్టూ మెత్తటి అంచు. ఒక్క నిమిషం ఇలాగే నడుం వాల్చితే ఎంత బాగుండు అనిపించింది. అంతలో నలుగురూ తన మొహంలోకే చూస్తున్నారని గుర్తొచ్చి లేచి, బూడిదరంగు దాంట్లోకి మారింది. అది గట్టిగా, కదలకుండా, పెద్దవాడి మాటలాగే ఉంది.

"ఊఁ?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"రెండూ బాగానే ఉన్నాయిరా," అంటూ ఆమె దిగి మళ్ళీ సందులోకి వచ్చింది.

"అదేం మాట? ఒకటి చెప్పాలి."

దుకాణంలోనూ ఇంతే. నాలుగైదు అద్దాలు మార్చేసరికి ఎంతటివాళ్ళకైనా తేడా తెలియడం మానేస్తుంది. "ఏదో ఒకటి ఇవ్వండమ్మా, రెండూ ఒకటే" అంటారు. అప్పుడు "కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోండి" అని చెప్పి మంచినీళ్ళు ఇస్తుంది ఆమె. తనకు ఆ మాట చెప్పేవాళ్ళు ఈ హాల్లో ఒక్కరూ లేరు.

"చెప్పదు. చెబితే ఎవరో ఒకరికి కోపం వస్తుందని భయం," అన్నాడు పెద్దవాడు. ఇంతసేపూ గొంతులో తొక్కిపెట్టింది ఇక ఆగలేదు. "అయితే ఇంకొకటి చెప్పు వాడికి. పడవలో వెళ్దామని అడిగింది వాడు. తమ్ముడు నోరు తెరిచి అడిగాడు కదా అని సెలవు పెట్టి మరీ వెళ్ళి తెచ్చాను. అడిగినవాడు ఊరుకోకుండా పోటీకి ఇంకోటి తెస్తాడా? నన్ను వెక్కిరించడానికా?"

ఇదే, సరిగ్గా ఈ మాటే వస్తుందని పొద్దుటి నుంచి అక్క భయపడుతోంది. దీన్ని మెత్తబరిచి దించడానికి మధ్యలో మెట్లు లేవు.

చిన్నవాడు లేచి నిలబడ్డాడు. "అడిగింది నేనా? అక్కా, అడిగింది ఆయన కదా! నాన్నతో వెళ్ళినట్టు వెళ్దామన్నాడని నువ్వే కదా వచ్చి చెప్పావు! అన్నయ్య అంతటివాడు అడిగాడని ఆ రోజు నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ హడావిడిలో బేకరీలో రెండు ట్రేలు మాడ్చాను కూడా."

నలుగురూ ఆమె వైపే తిరిగారు.

ఇప్పుడు కూడా ఒక మాట అల్లొచ్చు. "ఇద్దరూ అన్నారు, ఒకరన్నది ఒకరికి తెలియదు" అంటే సరిపోతుంది. నమ్ముతారు కూడా, నమ్మాలనే ఉంది ఇద్దరి మొహాల్లోనూ. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని బయటికి తొయ్యడానికి ఓపిక లేకపోయింది.

"ఇద్దరూ అనలేదు. నేనే అన్నాను," అంది.

పెద్దవాడు ఆమెను చూసి, మెల్లగా తమ్ముడి వైపు తల తిప్పాడు. "ఏరా, నువ్వు అనలేదా?"

"లేదన్నయ్యా."

"నేనూ అనలేదు."

అక్కకు ఏడుపు వచ్చినంత పనైంది. ఇన్నాళ్ళూ ఈ ఒక్కదాని కోసమే కదా ఆ మెట్లన్నీ ఎక్కీ దిగీ మోకాళ్ళు అరగదీసుకుంది! మాట్లాడుకున్నారు. ఇక వెళ్ళొచ్చు. కానీ వాళ్ళు అక్కడితో ఆగలేదు.

"మరి నేను పంపిన బన్నులు బాగున్నాయని, ఇంకో రెండు అడిగాడని అన్నావు?" అన్నాడు చిన్నవాడు.

"బన్నులేంటి? పైకి ఏ బన్నులూ రాలేదే," అన్నాడు పెద్దవాడు.

"దుకాణంలో వాళ్ళకి పెట్టేశానురా," అంది అక్క. "పెద్దోడు తిప్పి పంపిస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

"నా పరువు తీశానని వాడు రాత్రంతా ఏడ్చాడన్నావు కదా, అదో?" అన్నాడు పెద్దవాడు.

"నేనా? నేనెందుకు ఏడుస్తాను?" అన్నాడు చిన్నవాడు. వెంటనే గొంతు తగ్గింది. "నీ పరువు సంగతి కాదన్నయ్యా. ఆ లిఫ్టు గుంతలోకి దిగానంటే ఊపిరి ఆడేది కాదు. చీకట్లో, నెత్తి మీద అంత బరువు వేలాడుతుంటే, ఇక చచ్చిపోతాననిపించేది. మూడుసార్లు దిగాను. నాలుగోసారి నా వల్ల కాలేదు. చెప్పుకోవడానికి సిగ్గేసి వెళ్ళిపోయాను."

పెద్దవాడు తమ్ముడికి దగ్గరగా జరిగాడు.

"నాకూ అంతేరా," అన్నాడు. "కొత్తలో గుంతలోకి దిగాలంటే కాళ్ళు వణికేవి. ముందు రోజు నుంచే అన్నం సహించేది కాదు. ఆ ఒక్క ముక్క నాతో చెప్పి ఉండాల్సింది. నేను ఏమన్నా అంటానా? ఇన్నాళ్ళూ నన్ను లెక్కచెయ్యకే వెళ్ళిపోయావనుకున్నాను."

"అక్కకి చెప్పాను. ఆ రోజే చెప్పాను, నీకు చెప్పమని."

పెద్దవాడు ఈసారి తల తిప్పినప్పుడు అతని మొహం చూడలేకపోయింది అక్క.

"నీతో చెప్పాడా?"

"చెప్పాడు. పిరికివాడని నువ్వు నవ్వుతావేమోనని..." అంది. ఆ మాట ఎంత తేలిగ్గా ఉందో తన చెవులకే తెలిసింది. చెప్పకూడదనుకుని కబుర్లన్నిట్లోనుంచీ ఏరి పక్కన పెట్టినది అదొక్కటే. పైకి చేరాల్సింది కూడా అదొక్కటే. అది చేరి ఉంటే వానలు వెలిసేలోపే ఇల్లు ఇల్లులా ఉండేది.

"మీరిలా చేస్తారనుకోలేదు వదినా," అంది పెద్ద మరదలు.

"నిజంగానే అనుకోలేదు," అంది చిన్న మరదలు. వానల తర్వాత మొగుళ్ళ ఎదుట వాళ్ళిద్దరూ కూడా ఒక్క మాట మీదికి వచ్చారు.

"ఇకమీదట మా మధ్యకి రాకు అక్కా," అన్నాడు పెద్దవాడు. కేక వెయ్యలేదు. కేక వేసినా బాగుండేది. తర్వాత వంగి బూడిదరంగు పడవ తాడు పట్టుకున్నాడు. "చిన్నోడా, ఇది బరువనేగా నీ బాధ? నువ్వొక పక్క, నేనొక పక్క. మోయలేమా?"

"ఇద్దరం ఉంటే మోయొచ్చు," అన్నాడు చిన్నవాడు. "నాది వెనక్కిచ్చేద్దాంలే అన్నయ్యా. అది మెత్తబడుతున్న మాట నిజమే."

"మరి ఇందాకటి నుంచీ అంత వాదించావు?"

"నువ్వు కాదంటున్నావని."

పెద్దవాడికి నవ్వొచ్చింది. ఇద్దరూ కలిసి బూడిదరంగు పడవను ఎత్తి నిలువునా తిప్పి, "మెల్లగా, నీ చెయ్యి చూసుకో, గుమ్మం తగుల్తుంది" అనుకుంటూ వసారాలోకి చేర్చారు. తిరిగి వచ్చి నారింజ పడవ బిరడా లాగారు. గాలి బుస్సుమని బయటికి రావడం మొదలుపెట్టింది. పెద్దవాడు ఒక చివర మోకాళ్ళు అదిమి కూర్చున్నాడు, చిన్నవాడు రెండో చివర నుంచి చుట్టుకుంటూ వస్తున్నాడు. చిన్న మరదలికి వంటింటి దారి దొరికింది. పెద్ద మరదలు కూడా ఆవిడ వెనకే లోపలికి వెళ్ళింది, చెరొకటీ కడుగుదామంటూ.

అక్క ఖాళీ అయిన సందులో అలాగే నిలబడిపోయింది. సంతోషించాల్సిన సమయం. చెప్పకుండా ఉద్యోగంలోంచి తీసేసినట్టు ఉంది తప్ప సంతోషం ఎక్కడా కనపడలేదు. కిటికీలో ఎండ పల్చబడుతోంది. దుకాణం గుమ్మంలో నిలబడి ఆయన వీధి చివరికి చూస్తుంటాడు.

"నేను రేపు ఉదయం వెళ్ళిపోతున్నాను," అంది.

చిన్నవాడు చుట్టడం ఆపాడు. పెద్దవాడు తల ఎత్తలేదు. "ఏమంటోందిరా అక్క?" అన్నాడు.

ఆ కాస్త గాలి చప్పుడుకే వినపడలేదనుకోవడానికి లేదు. అక్క గొంతు సవరించుకుని, ఆ వంచిన వీపుతోనే మాట్లాడింది. "మా దుకాణంలో అద్దాలు అరగదీసే ఆయన ఉన్నాడు కదా. వేరే ఊళ్ళో కొట్టు పెడుతున్నాడు. నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. నాకూ ఇష్టమే. రేపటి బండికి వెళ్తున్నాం. మీరిద్దరూ మాట్లాడుకున్నాక చెప్దామని ఆగాను."

వంటింట్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

"చిన్నోడా," అన్నాడు పెద్దవాడు, గాలి పోతున్న పడవ మీద నుంచి చూపు తిప్పకుండా. "అక్కతో చెప్పు. మన మాటలు మనకి చేరనివ్వలేదు. తన మాటా మనకి చెప్పలేదు. మనం తనకి ఏమవుతామో నాకు తెలియడం లేదు. వెళ్తే వెళ్ళమను. ఇక్కడ ఎవరూ ఆపరని చెప్పు."

చిన్నవాడు అన్నను చూశాడు, అక్కను చూశాడు. చుట్టిన పడవ చేతుల్లోంచి సగం విడిపోయింది. వాడికి అబద్ధం ఆడటం చిన్నప్పుడూ చేతకాలేదు. మొహం ఎర్రబడిపోయేది. ఇప్పుడూ అలాగే ఎర్రబడింది.

"అక్కా," అన్నాడు. "వచ్చే ఆదివారం దాకా ఉండమంటున్నాడు అన్నయ్య. అందరం ఒకసారి పడవలో వెళ్ళొచ్చాక వెళ్దువుగాని అంటున్నాడు. నువ్వు లేకుండా ఏం బాగుంటుంది అంటున్నాడు."

పెద్దవాడు కాదనలేదు. ఔననలేదు. మోకాలు ఇంకొంచెం గట్టిగా అదిమాడు.

పెద్దవాడు అన్న మాటేదో ఆమె చెవులారా విన్నది. వాడు అందించినది అది కాదని తెలుసు. ఇన్నాళ్ళూ ఇలాంటి మాటలు తను ఎన్నింటిని మోసిందో! తనకంటూ ఒకరు మోసుకురావడం మాత్రం ఇదే మొదలు. తెలిసి తెలిసి కూడా గుండె దాని వెంట పరుగెత్తింది. వీళ్ళిద్దరూ ఆ రోజు పడవల దుకాణానికి ఎందుకు పరుగెత్తారో ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

రేపటి బండి ఆదివారం దాకా ఆగదు. ఆయనా మళ్ళీ అడగడు.

"సరేనని చెప్పు వాడికి," అంది అక్క.